ఖాళీ గడి, సున్నా గడి

పులికాట్ సరస్సు ఒడ్డున జనవరిలో పక్షుల లెక్కింపు కోసం విడిది చేసేవారి గురించి బయటివారికి ఒక ఊహ ఉంటుంది: మెడలో బైనాక్యులర్, ఎదురుగా గులాబీ రంగు ఫ్లెమింగోలు, చుట్టూ ప్రశాంతత. ఫ్లెమింగోల మాట నిజమే. మిగతాదంతా బురద, మంచినీళ్ల డబ్బాలు, అంకెలు.

ముందు నీళ్ల సంగతి. కనుచూపు మేర నీరే ఉన్నా విడిదికి తాగునీరు ఊళ్లోంచి మోసుకురావాల్సిందే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదులు మంచినీరు తెస్తాయి. సముద్రం తన వాటా ఉప్పు కలుపుతుంది. వేసవిలో ఆవిరైపోగా మిగిలిన నీరు ఒక్కోసారి సముద్రం కంటే ఉప్పగా ఉంటుంది. సగటు లోతు మీటరు దరిదాపుల్లోనే. పొడుగుకాళ్ల పక్షులను రప్పించేది ఆ లోతు లేకపోవడమే. పడవను మేటలో ఇరికించేదీ అదే.

జనవరే ఎందుకు? నడిశీతాకాలంలో వలసపక్షులు పెద్ద ప్రయాణాలు మాని ఒకచోట నిలకడగా ఉంటాయి. ఒకే పక్షిని రెండు ఊళ్లలో లెక్కించే ప్రమాదం తక్కువ. 1987లో మొదలైన ఆసియా నీటిపక్షుల గణన అందుకే ఏటా ఈ నెలలో జరుగుతుంది. 2022లో జిల్లాలను మళ్లీ విభజించినప్పుడు సరస్సు దగ్గరి సూళ్లూరుపేట నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారింది. పక్షులు పట్టించుకోలేదు, గణన ఫారాలకు మాత్రం తప్పలేదు.

విడిదిలో తెల్లవారకముందే లేస్తారు. కారణం ఉత్సాహం కాదు, ఎండ. పొద్దెక్కేకొద్దీ నేల మీది గాలి వేడెక్కి అల్లాడుతుంది. దూరపు ఆకారాలు అందులో కరిగిపోతాయి. సరస్సు మీదుగా వెళ్లే శ్రీహరికోట రోడ్డు మీద నిలబడి టెలిస్కోపులో చూస్తే, కిలోమీటరు అవతల ఉన్నది కొంగో, వల కట్టడానికి పాతిన కర్రో తేలదు. కర్రలు ఎంతసేపైనా ఎగరవు గనుక, ఓపిక ఉన్నవారికి ఈ చిక్కు చివరికి విడిపోతుంది.

వేలల్లో ఉన్న గుంపును ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం కుదరదు. ముందు యాభై పక్షులను నిజంగా లెక్కపెట్టి, అవి ఎంత మేర ఆక్రమించాయో కంటితో పట్టుకుంటారు. తర్వాత అలాంటి మేరలు గుంపులో ఎన్ని ఉన్నాయో చూస్తారు. వడ్లను గింజలుగా కాక కుంచంతో కొలిచినట్టే. దీన్ని ఖండాల లెక్క అనుకోవచ్చు.

పెద్ద గుంపును చూసినప్పుడు మనిషి కన్ను సాధారణంగా తక్కువే అంచనా వేస్తుంది. తనకు సంబంధించిన ప్రతిదాన్నీ పెంచి చెప్పుకునే జీవిలో ఇది అరుదైన వినయం. అయితే ఇది ఫ్లెమింగోలకే పరిమితం. సూళ్లూరుపేటలో జరిగే ఫ్లెమింగో పండుగకు వచ్చే జనాన్ని ఎవరూ ఖండాలుగా లెక్కపెట్టరు. ఆ అంకె వెనక ఎప్పుడూ సున్నాలు బారులు తీరి ఉంటాయి.

సాయంత్రం పుస్తకాలు సరిచూసుకుంటారు. ఒకే గుంపును విడివిడిగా లెక్కించిన ఇద్దరికి రెండు అంకెలు వస్తాయి. కొత్తవారు మధ్యలో ఒక అంకెకు రాజీ పడదామంటారు. అది పంచాయతీ పద్ధతి. గణనలో రెండింటినీ ఉంచాలి, ఎందుకంటే ఆ తేడాయే మన పొరపాటు ఎంతో చెప్పే ఏకైక సాక్షి. ఆ తర్వాత అన్నం, చేపల పులుసు. పగలంతా చేపలు తినే గూడబాతులను లెక్కపెట్టినవారు రాత్రికి వాటితో పోటీకి దిగుతారు.

కొత్తవారికి అన్నిటికంటే కష్టంగా అబ్బే అలవాటు సున్నా రాయడం. ఎండలో నడిచి ఒక చెరువు దగ్గరకు వెళ్లి, అక్కడ ఏమీ లేకపోతే, గడి ఖాళీగా వదిలేయాలనిపిస్తుంది. సున్నా అంటే వెళ్లి చూశాం, లేవు. ఖాళీ అంటే ఎవరూ వెళ్లలేదు. పదేళ్ల తర్వాత ఆ పుస్తకం చదివేవారికి ఈ రెంటి మధ్య తేడా చాలా పెద్దది.

ఆ తేడా ఎంతో ఒక పక్షి కథ చెబుతుంది. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డన్ పక్షుల సంగతులు, వాటి స్థానిక పేర్లు యానాది తెగవారి దగ్గర నేర్చుకున్నాడు. తూర్పు కనుమల వైపు ఆయన సేకరించిన ఒక పక్షి 1848లో శాస్త్రలోకానికి పరిచయమైంది, అదే కలివికోడి. 1900 తర్వాత దాని జాడ నమోదు కాలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లా లంకమల ప్రాంతంలో వెతుకుతుండగా, స్థానిక వేటగాడొకరు దాన్ని ప్రాణంతో పట్టి తెచ్చాడు. రాత్రిపూట ముళ్లపొదల్లో తిరిగే పక్షి అది. ఆ 86 ఏళ్ల గడులన్నీ ఖాళీలే. వాటిని సున్నాలుగా చదివినవారిలో రాత్రిపూట ఆ పొదల్లోకి వెళ్లినవారు బహు తక్కువ.