పిడికెడన్నము - గానఫలము

కొల్లేటి ప్రాంతమునుండి గుడివాడకు పోవు బాట ముదినేపల్లి మీదుగా సాగును. ఆ గుడివాడకు చేరువనే చౌటపల్లి యను గ్రామము కలదు. 1922వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన ఆ గ్రామమున ఘంటసాల వేంకటేశ్వరరావు జన్మించెను. తెలుగువారిలో ఆయన పాట విననివారు అరుదు.

తండ్రి సూర్యనారాయణ నారాయణతీర్థుల తరంగములను భక్తితో పాడెడివాడు. ఆ పాటలకు బాలుడు నృత్యము చేయగా చూచినవారు ‘బాలభరతుడు’ అని మెచ్చుకొనిరి. కుమారుడు సంగీత విద్వాంసుడు కావలెనని కోరి తండ్రి కన్నుమూసెను. ఆ కోరిక తీర్చుటకు ఇంట ధనము లేదు.

బాలుడు సంగీతము నేర్వవలెనని విజయనగరము చేరెను. అచట పట్రాయని సీతారామశాస్త్రిగారు అతనికి ఆశ్రయ మిచ్చి, విద్య నేర్పిరి. గురువుగారును సంపన్నులు కారు. కావున శిష్యుడు జోలె ధరించి మధుకరమునకు వెడలెను. తుమ్మెద ఒక్క పూవునందలి తేనెనే గ్రోలక పెక్కు పూవులపై వ్రాలును. అట్లే పేద విద్యార్థి ఇంటింట పిడికెడన్నము స్వీకరించి చదువుకొనుట మధుకరము. ఆ కాలమున అనేకులు ఇట్లే విద్వాంసులైరి.

1942లో క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని ఘంటసాల కారాగారవాస మనుభవించెను. తరువాత మద్రాసు చేరి, కవి సముద్రాల రాఘవాచార్యుల ప్రోత్సాహముతో చలనచిత్రములందు పాడసాగెను. ‘స్వర్గసీమ’ ఆయనకు గుర్తింపు తెచ్చెను. ‘పాతాళభైరవి’, ‘లవకుశ’ మున్నగు చిత్రములకు ఆయనయే సంగీతము కూర్చెను.

పద్యపఠనమున ఆయన చేసిన మేలు ప్రత్యేకముగా గమనింపదగినది. నాటకరంగమున నటులు కడపటి వరుసవారికి సైతము వినిపించునట్లు ఎలుగెత్తి, దీర్ఘరాగములు తీసి పద్యము పాడెడివారు. రాగముయొక్క హోరులో అర్థము మరుగుపడుటయు కలదు. చలనచిత్రమున మైకు ఎదుట నిలిచి పాడువానికి అంత శ్రమ అక్కరలేదు. ఘంటసాల ఈ సౌకర్యమును చక్కగా గ్రహించెను. రాగమును కొలదిగా వాడి, ప్రతి పదమును స్పష్టముగా పలికి, భావమును ముందు నిలిపెను. అందుచే అక్షరజ్ఞానము లేనివారు సైతము పద్యములను కంఠస్థము చేసిరి. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి ‘పుష్పవిలాపము’ ఆయన గళమున ఊరూర వినబడెను.

1970లో భారత ప్రభుత్వము ఆయనను ‘పద్మశ్రీ’ బిరుదముతో గౌరవించెను. 1971లో ఐరోపా, అమెరికా దేశములలో ఆయన కచేరీలు చేసెను. చివరి దినములలో భగవద్గీతను గానము చేసి, 1974 ఫిబ్రవరి 11వ తేదీన మద్రాసులో కన్నుమూసెను.

విజయనగరమున ఆ బాలునికి గృహిణులు అన్నము పెట్టిరి. అతడు మహాగాయకుడగునని వారెరుగరు. ఆకలిగొన్న విద్యార్థి వచ్చెనని మాత్రమే పెట్టిరి. ఆ పిడికెడన్నముల ఫలమును నేటికిని తెలుగుజాతి అనుభవించుచున్నది.