ట్రేడ్‌మార్కుకు పదేళ్ల గడువు

1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం వ్యాపార చిహ్నానికి లభించే రిజిస్ట్రేషన్ పదేళ్లు మాత్రమే చెల్లుతుంది. గడువు తీరిన ప్రతిసారీ రుసుము కట్టి మరో పదేళ్లకు రెన్యువల్ చేయించుకుంటూ పోతే ఆ హక్కుకు అంతమంటూ ఉండదు. అయితే ఈ పదేళ్లను ధ్రువపత్రం చేతికందిన రోజు నుంచి కాక, దరఖాస్తు దాఖలైన తేదీ నుంచి లెక్కిస్తారు గనుక, 2016 జూన్‌లో దరఖాస్తు చేసి 2018లో పత్రం పొందిన వ్యాపారి 2028 వరకు నిశ్చింతగా ఉండవచ్చనుకుంటే పొరపాటే, 2026 జూన్‌తోనే అతని గడువు ముగుస్తుంది.

గడువుకు ఏడాది ముందు నుంచే టీఎం-ఆర్ అనే ఫారం దాఖలు చేయవచ్చు. ఆన్‌లైన్‌లో రుసుము తరగతికి, అంటే చట్టం సరుకులను విభజించిన ఒక్కో వర్గానికి, రూ.9,000, పచ్చళ్లు 29వ తరగతిలోకి, కారప్పొడులు 30వ తరగతిలోకి వస్తాయి కాబట్టి రెండింటికీ ఒకే పేరు వాడే సంస్థకు అది రూ.18,000 అవుతుంది.

గడువు దాటిన ఆరు నెలల లోపు తరగతికి రూ.4,500 అదనంగా చెల్లిస్తే సరిపోతుంది. ఆ తర్వాత, గడువు ముగిసి ఏడాది నిండేలోగా అయితే పునరుద్ధరణ, అంటే రిజిస్టరులో మళ్లీ చేర్చమని కోరడం, ఒక్కటే దారి. రిజిస్ట్రార్ ముందుగా నోటీసు పంపాలన్న నియమం ఉన్నా, పాత చిరునామాకు వెళ్లిన నోటీసు యజమానికి అందకపోవచ్చు గనుక, చిరునామా మారిన వెంటనే ఆ మార్పును రిజిస్ట్రీలో నమోదు చేయించడం మేలు.