కణం గుమ్మం దగ్గర కాపలా

ఈ వారం జీవకణం గురించి, దాన్ని చుట్టుకుని ఉండే పొర గురించి నాలుగు మాటలు చెబుతాను. ఇక్కడ బడికెళ్లే మన పిల్లలు దీన్ని సెల్ మెంబ్రేన్ అంటారు. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో కణత్వచం అని ఉంటుంది. నోరు తిరక్కపోతే కణపొర అన్నా చాలు.

1665లో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ సీసా బిరడాలు చేసే బెండుని పలచగా కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. చిన్న చిన్న గదులు కనిపించాయి. వాటికి సెల్ అని పేరు పెట్టాడు. ఆయన చూసినవి ప్రాణం పోయిన కణాల గోడలు. మన ఒంట్లోని కణంలో మధ్య కేంద్రకం ఉంటుంది. వంశపారంపర్యంగా వచ్చిన రాతంతా దాదాపు అందులోనే. దాని చుట్టూ జావలాంటి పదార్థం, అందులో మైటోకాండ్రియాలు. ఇవి తిండి నుంచి శక్తిని తీసే పొయ్యిలనుకోండి. వీటన్నిటినీ చుట్టి ఉండేదే కణపొర. రెండు వరసల కొవ్వు అణువులు, నడుమ అక్కడక్కడ ప్రోటీన్లు. మందం 7, 8 నానోమీటర్లు. ఒక కాగితం మందంలో ఇలాంటి పొరలు పదివేలకు పైగా పేర్చవచ్చు.

ఇంత పలచని పొర ఎవరిని రానివ్వాలో, ఎవరిని ఆపాలో ఎంచుతుంది. వీసాల సంగతి మనకి కొత్త కాదు కదా! ప్రాణవాయువుకీ బొగ్గుపులుసు వాయువుకీ వీసా అక్కర్లేదు. ఎక్కువున్న చోటునుంచి తక్కువున్న చోటుకి అవే వెళ్లిపోతాయి. దీన్ని విసరణ అంటారు. నీళ్లు వెళ్లడం ద్రవాభిసరణ. మాగాయ పెట్టేటప్పుడు ముక్కలకి ఉప్పు కలిపి ఉంచితే మూడోనాటికి జాడీలో ఊట ఊరుతుంది చూడండి, అదే ఇది. బయట ఉప్పు ఎక్కువ కాబట్టి ముక్కలోని కణాల నీరు బయటికొస్తుంది. కణపొరలో నీళ్లకి ప్రత్యేకమైన ద్వారాలున్నాయని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ ఆగ్రే కనిపెట్టారు. అందుకు ఆయనకి 2003లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇవన్నీ పల్లానికి పారే నీళ్లలాంటివి, ఖర్చులేని ప్రయాణాలు. ఎదురెక్కాలంటే ఏతం తొక్కాలి. మన కణాలు సోడియంని బయటికి తోసి, పొటాషియంని లోపలికి లాగుతూనే ఉంటాయి. ఒక్కొక్క విడతకి మూడు సోడియం బయటికి, రెండు పొటాషియం లోపలికి. ఈ పంపుని 1957లో డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ బయటపెట్టారు. విడతకి ఒక ఏటీపీ అణువు ఖర్చవుతుంది.

ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్ వైద్యకళాశాలలో కండరాల నుంచి వేరుచేసి చూపినవారు సైరస్ ఫిస్క్, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుక్కున్నారు.

విరేచనాలయినప్పుడు వట్టి నీళ్లు ఎందుకు చాలవో ఇప్పుడు చెప్పుకోవచ్చు. పేగు కణాల్లో ఒక ద్వారం ఉంది. గ్లూకోజు, సోడియం జంటగా వస్తేనే అది లోపలికి పంపుతుంది. వాటి వెంట నీళ్లూ వెళతాయి. కలరా వచ్చినా ఈ ద్వారం మూతపడదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి వేలమందిని నిలబెట్టారు. కనుక పిల్లవాడికి విరేచనాలు పట్టుకుంటే ఫార్మసీలో దొరికే ఆ ద్రావణాన్నే కొంచెం కొంచెంగా పట్టండి. మరీ వాడిపోతే ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

సుబ్బారావుగారి కథలో నన్ను కదిలించేది మరొకటి. ఆయన సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. అందులో పేగు లోపలి కణాలు దెబ్బతిని, తిన్నది ఒంటికి పట్టదు. ఫోలిక్ ఆమ్లం లోపలికి రాదు. అది లేనిదే కొత్త కణాలు పుట్టవు, కొత్త కణాలు లేనిదే అది లోపలికి రాదు. ఎదుట అన్నం ఉండగానే మనిషి శుష్కించిపోతాడు. సుబ్బారావుగారికీ ఆ జబ్బు సోకింది, కానీ బతికి బయటపడ్డారు.

తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, లెడర్లే ప్రయోగశాలల్లో, ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ అక్కడినుంచే 1948లో లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్లకే, ఆయన కన్నుమూశారు. ఈనాటికీ స్ప్రూకి డాక్టర్లు ఇచ్చేది ఈ రెండు రకాల మందులే: ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. అన్నదమ్ములకి అందని మందు, ఆయన చేతుల మీదుగా ఎవరెవరి అన్నదమ్ములకో అందింది.