పట్టికలు చాలునా?

2005–06లో ఆంధ్రప్రదేశమున 100 గ్రామీణ ప్రాథమిక పాఠశాలల యుపాధ్యాయులకు, తమ విద్యార్థు లెచట వెనుకబడిరో తెలుపు నివేదికలను, సూచనలను ఒసంగిరి. ఏడాది తుదిని పరీక్షింపగా, అవి యందని బడుల పిల్లలకంటె వీరు మిన్నగా నుండలేదు.

2012–13లో హర్యానా ప్రభుత్వ పాఠశాలలలో ప్రథమ్ సంస్థ సాయమున వేఱొక శిక్షణము జరిగెను. పిల్లలకు అక్షరములు వచ్చునా, పదములు వచ్చునా, కథ చదువగలరా యని పరీక్షించి, తరగతిభేదము విడిచి, ఆ స్థాయినిబట్టి జట్లుగా గూర్చి, దినమున కొకగంట బోధించుట నుపాధ్యాయులు నేర్చిరి. హిందీలో పిల్లల చదువు మెఱుగుపడెను.

రోగలక్షణములు వ్రాసిన కాగితము మందు గాదు గదా! పాఠము మార్చుకొనుటకు గంటయైన నీయక పట్టికలు నింపించుట ఉపాధ్యాయునకు భారమే. పరీక్షాఫలమునుబట్టి బోధన మార్చుటయే శిక్షణమునకు ప్రధానాంశము గావలయునని విద్యాధికారులను మేము కోరుచున్నాము. పాఠకులును తమ యూరి బడి కేగినపుడు, పట్టిక జూచి పాఠమున నేమి మార్చితిరని యడుగవలయును.