వార్ధక్యంలో నడక: శాస్త్రం వద్దన్నదా?

ఆలయంలో సాయంకాల ప్రవచనం ముగిసిన తర్వాత పెద్దలు కొందరు తరచుగా నన్ను అడిగే ప్రశ్న ఒకటున్నది. "శాస్త్రిగారూ, ఈ వయస్సులో మేము వ్యాయామం చేయవచ్చునా? శాస్త్రం వద్దన్నదట కదా!" ఈ ప్రశ్నకు సమాధానం గ్రంథాల కంటె ముందు నా మోకాళ్ళే నాకు నేర్పినవి.

వాగ్భటాచార్యుల అష్టాంగహృదయంలో రెండవ అధ్యాయం దినచర్య. వ్యాయామం వలన శరీరానికి లాఘవం, పనిచేసే సామర్థ్యం, జఠరాగ్నికి దీప్తి కలుగుతాయని, మేదస్సు తగ్గుతుందని అందులో చెప్పారు. ఆ వెంటనే వాతపిత్త రోగులు, బాలురు, వృద్ధులు, అజీర్ణం గలవారు దానిని మానవలెనని కూడా ఉన్నది. ఉద్యోగ విరమణానంతరం నేను ఈ రెండవ మాటనే గట్టిగా పట్టుకున్నాను. మంచినీళ్ళ చెంబు మొదలు పుస్తకం వరకు అన్నీ కుర్చీ వద్దకే వచ్చేవి. "మామయ్యగారూ, మీరు లేవకండి, నేను తెస్తాను" అని కోడలు అంటే, అదంతా వయస్సుకు దక్కిన గౌరవమని మురిసిపోయేవాడిని.

రెండేండ్లు గడిచేసరికి సంధ్యావందనం ముగించి పీట మీద నుండి లేవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. ఒక ఏకాదశినాడు స్వామి ఎదుట సాష్టాంగపడి తిరిగి లేవలేకపోయాను. ఇద్దరు యువకులు చెరొక భుజం పట్టి లేపారు. ఆ తర్వాత కొంతకాలం నిలబడియే చేతులు జోడించాను. అరువదేండ్లుగా చేస్తూ వచ్చిన నమస్కారం దూరమైనదన్న బాధ మోకాళ్ళ నొప్పి కంటె ఎక్కువైనది.

నా పూర్వ విద్యార్థి ఒకరు ఆయుర్వేద వైద్యులు. నా వాదం విని ఆయన చిరునవ్వుతో, "గురువుగారూ, పూర్వాపరాలు చూడనిదే అర్థం నిర్ణయించరాదని తమరే మాకు నేర్పారు. మరి సుశ్రుతం చూశారా?" అన్నారు. చూశాను. సుశ్రుతసంహిత చికిత్సాస్థానంలో వ్యాయామం వేరు, చంక్రమణం వేరు. శరీరాన్ని మిక్కిలి పీడించని నడక ఆయువును, బలాన్ని, మేధను, అగ్నిని ఇస్తుందని, ఇంద్రియాలను మేల్కొలుపుతుందని అక్కడ ఉన్నది. కావున వృద్ధులకు నిషేధించినది కఠిన శ్రమనే గాని కదలికను కాదని గ్రహించాను. సగం మాట పట్టుకొని నా సోమరితనానికి శాస్త్రాన్ని సాక్షిగా నిలిపినందుకు సిగ్గుపడ్డాను.

ఇక ఎంత శ్రమ తగును? బలవంతులకు సైతం అర్ధశక్తి వరకే అని ఆచార్యుల నియమం. అదియును శీతకాలంలో, వసంతంలో మాత్రమే. తక్కిన ఋతువులలో అంతకంటె తక్కువ. ఊపిరి నోటితో తీయవలసి వస్తే అర్ధశక్తి పూర్తియైనదని గుర్తు. నడుస్తూ తోడివారితో మాట్లాడగలిగితే హద్దులో ఉన్నట్లే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాలు 65 ఏండ్లు దాటినవారికి వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ శ్రమను చెప్పినవి. అనగా వారానికి 5 రోజులు, రోజుకు అరగంట చాలును. దానితోపాటు వారానికి 3 రోజులైనా శరీరం తూలకుండా నిలిచే అభ్యాసాలు, కండరాలకు బలమిచ్చే అభ్యాసాలు చేయమన్నది. వాడని కండరం క్షీణిస్తుంది. కాళ్ళు క్షీణిస్తే పడిపోయే భయం, ఆ భయం వలన మరింత కూర్చోవడం, దాని వలన మరింత క్షీణత. ఈ చక్రాన్ని తెంచడమే మన పని.

అఫ్జల్‌గంజ్ వీధులలో దుకాణాలు తెరిచి సరుకు బండ్లు నిలిచిన తర్వాత పెద్దలు నడవడం కష్టం. కనుక తెల్లవారిన వెంటనే నడవడం మేలు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదలో సుమారు 150 మంది ప్రాణాలు నిలిపిన చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది. ఆ దారిన వెళ్ళినప్పుడు దానిని తలచుకోండి. వయస్సు మీరినది నిరుపయోగం కాదని అదే చెబుతుంది. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా వెలసిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం కూడ మనకు సమీపమే. మెట్లెక్కి వెళ్ళి పత్రిక చదివి, నలుగురితో మాట్లాడి వస్తే కాళ్ళకూ మనస్సుకూ పని దొరుకుతుంది.

ఇంటిలో చేయదగినవి మూడు. కుర్చీలో నుండి చేతుల ఊత లేకుండా లేచి కూర్చోవడం, మొదట 5 సార్లు, క్రమంగా 10 సార్లు. గోడకు దగ్గరగా నిలిచి కొద్దిసేపు ఒంటికాలిపై నిలబడడం. స్నానానికి ముందు నువ్వుల నూనెతో అభ్యంగనం. తలకు, చెవులకు, పాదాలకు విశేషంగా పట్టించమని వాగ్భటుల ఉపదేశం. అయితే నూనె పాదాలతో రాతి నేలపై నడవరాదు, జారుతుంది. అజీర్ణం ఉన్ననాడు అభ్యంగనం కూడదు. గుండె జబ్బు, తలతిరుగుడు, కీళ్ళకు శస్త్రచికిత్స జరిగినవారు వైద్యుని అడిగిన తర్వాతే మొదలుపెట్టవలెను.

దేహం ఒక్కటే చాలదు. చరకసంహితలో ఆచార రసాయనమని ఒకటి చెప్పారు. సత్యం పలకడం, కోపం విడవడం, దయ కలిగి ఉండడం, వేళకు నిద్రించి వేళకు మేల్కొనడం, పెద్దలను సేవించడం, ఇవన్నీ ఔషధంతో సమానమని దాని సారం. వీటికి ధనవ్యయం లేదు.

కోడళ్ళకు, కుమారులకు ఒక విన్నపం. పెద్దలకు అన్నీ చేతికి అందించడం ప్రేమయే. కాని వారు తమ చెంబు తామే తెచ్చుకుంటే అడ్డగించకండి.

ఏడాది అభ్యాసం తర్వాత నేను మరల స్వామి ఎదుట సాష్టాంగపడ్డాను. లేవడానికి కొంత సేపు పట్టింది గాని ఎవరి భుజమూ అవసరం కాలేదు. స్వస్తి.