బక్కపలుచని బిడ్డలకు కండబలము

నిజామాబాదు ప్రాంతమున బక్కబిడ్డను చూచిన తల్లికి మొదట తోచునవి బెల్లము, నేయి. 1937లో నెలకొల్పబడిన బోధను చక్కెర కర్మాగారము 2015లో మూతపడినను, తీపి తిన్న ఒళ్లు వచ్చునను నమ్మకము మాత్రము పోలేదు. సోదరీమణులారా! తీపివలన క్రొవ్వు పెరుగవచ్చును. కండకు మూలధనము మాంసకృత్తులు; చక్కెరలో అవి లేవు.

పెద్దలకు దేహపు బరువులో కిలోకు దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు వలయునని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారు 2020లో తెలిపిరి. బరువులెత్తి కండ పెంచదలచినవారికి సుమారు 1.6 గ్రాములు కావలయును; అనగా 45 కిలోల యువతికి 72 గ్రాములు.

ఇందులకు ఖరీదైన డబ్బాలు కొననక్కఱలేదు. నూఱు గ్రాముల కందిపప్పులో సుమారు 22, పల్లీలలో 25, ఒక్క గ్రుడ్డులో 6 గ్రాములుండును. ఇచ్చటి చేలలో పండు సోయాలో 36కు తక్కువ గాదు. బక్కవారు ఒక్కమారు ఎక్కువ తినలేరు. కావున దినమునకైదుమార్లు పెట్టి, మొత్తము ఆహారమును కొంచెము పెంచవలెను: ఉదయము పెసరట్టు, మధ్యాహ్నము జొన్నరొట్టె పప్పు, సాయంకాలము పల్లీలు, రాత్రి అన్నము కూర, పడుకొనునప్పుడు పాలు.

వ్యాయామము లేనిదే ఈ తిండి కండగా మారదు. కారణము లేక చిక్కిపోవు బిడ్డను ముందుగా వైద్యునికి చూపవలయును. క్షయ, మధుమేహములు అట్లే బయటపడును.

నిజామాబాదు ఆడపడుచు నిఖత్ జరీన్ ముష్టియుద్ధమున 2022లో 52 కిలోల, 2023లో 50 కిలోల తరగతులలో ప్రపంచవిజేత యయ్యెను. బలమునకు స్థూలకాయము అక్కఱలేదని ఇంతకన్న నిదర్శనమేల? కొడుకునకు గ్రుడ్డు, కూతునకు చారు వడ్డించు అలవాటు ఏ యింటనైన మిగిలియున్నచో, నేటి పూటనే మానవలెనని మేము కోరుచున్నాము.