కొత్తవలస–కిరండూల్ లైనులో బళ్ళ ఆలస్యం

విశాఖపట్నం సమీపంలోని కొత్తవలస నుంచి అరకు కొండల మీదుగా ఒడిశాలోని కోరాపుట్ దాటి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వరకు సుమారు 446 కిలోమీటర్లు సాగే రైలు మార్గాన్ని, అందరూ కె.కె. లైను అని పిలిచేదాన్ని, 1960ల్లో నిర్మించింది ప్రయాణికుల కోసం కాదు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడానికి. ఈ మార్గంలో ప్యాసింజరు గంటల తరబడి ఆలస్యమైనప్పుడు జనం వానలనో సిబ్బందినో తప్పుపడతారు గాని, దోషం చాలావరకు ఈ మార్గం పుట్టుకలోనే ఉంది.

ఈ మార్గంలో అధిక భాగం సింగిల్ లైనుగా, అంటే రాకపోకలకు ఒకే జత పట్టాలతో వేసినది. రెండు స్టేషన్ల నడుమనున్న భాగాన్ని బ్లాక్ సెక్షన్ అంటారు; ఢీకొనే ప్రమాదం లేకుండా అందులోకి ఒకసారికి ఒక్క బండినే పంపుతారు కాబట్టి, ఎదురుబండి స్టేషను చేరేదాకా రెండోది పక్కనున్న లూప్ లైనులో నిలిచి ఉండవలసిందే. రైల్వే వాడుకలో దీని పేరు క్రాసింగ్. సెక్షను దాటడానికి పాతిక నిమిషాలు పట్టే చోట ఎదురుబండి అప్పుడే అవతలి స్టేషను విడిచిందనుకుంటే, ప్యాసింజరుకు ఆ పాతిక నిమిషాలూ పోయినట్టే. పైగా తర్వాతి క్రాసింగ్ అనుకున్న స్టేషనులో కాక మరొక చోట పడి, అక్కడ ఇంకో బండిని ఆపుతుంది. ఉదయం శివలింగపురం దగ్గర పోయిన పది నిమిషాలు జగదల్‌పూర్ చేరేసరికి గంటగా మారడం ఇలాగే.

ఏ బండి ఎక్కడ ఆగాలో నిర్ణయించేది డివిజను కార్యాలయంలో కూర్చునే కంట్రోలరు. నియమం ప్రకారం గూడ్సు కంటే ప్యాసింజరుదే ముందు వంతు. అయితే సముద్రమట్టానికి దగ్గరలో మొదలై 58 సొరంగాలున్న ఈ దారి శిమిలిగూడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. అటువంటి ఎగువలో ఆగిన బరువైన బండిని మళ్ళీ కదిలించడం కష్టం, దిగువలో బ్రేకులను నమ్ముకుని నెమ్మదిగా దింపడం తప్పనిసరి. పొడుగాటి ఖనిజపు బండి పట్టని లూపులో పొట్టి ప్యాసింజరు సులువుగా ఇమిడిపోతుంది. కాబట్టి ఎవరి దురుద్దేశమూ లేకుండానే, ఆదాయం తెచ్చే గూడ్సు ముందుకు సాగి, మనుషులున్న బండి వెనుకబడుతుంది.

వానాకాలంలో కొండచరియలు జారిపడతాయి. 2023 సెప్టెంబరులో కోరాపుట్ జిల్లాలో అలా జరిగినప్పుడు రాకపోకలు రోజుల తరబడి నిలిచాయి. చరియలు పడకపోయినా, నానిన కట్టల మీద నిర్ణీత వేగానికి మించి పోరాదని డ్రైవరుకు రాతపూర్వకంగా ఇచ్చే హెచ్చరిక, అంటే కాషన్ ఆర్డర్, బండిని నడక వేగానికి దించవచ్చు. మావోయిస్టులు బందులకు పిలుపునిచ్చిన వారాల్లో కిరండూల్ దాకా పోవలసిన ప్యాసింజరును దంతెవాడలోనే నిలిపివేయడం ఏళ్ళ తరబడి మామూలైపోయింది.

ఆలస్యపు భారం అందరి మీదా సమానంగా పడదు. 2017లో చేర్చిన అద్దాల పెట్టెలో అరకు చూడవచ్చిన పర్యాటకుడికి బొర్రా దగ్గర అరగంట ఆగడం వేడుకగానే ఉండవచ్చు. సంతకు అల్లం, పసుపు మూటలు మోసుకొచ్చే గిరిజనులకు అదే అరగంట బేరం పోవడం, లేదా ఊరికి చేర్చే ఆఖరి జీపు తప్పిపోవడం. టైంటేబులు వేసేటప్పుడు పోయిన సమయాన్ని రాబట్టుకోవడానికి చివరి స్టేషనుకు ముందు కొన్ని అదనపు నిమిషాలు కలుపుతారు గనుక, గమ్యం దగ్గర సకాలంగా కనిపించే బండి నడుమ స్టేషన్లకు ఆలస్యంగానే వచ్చి ఉంటుంది. గమ్యాన్ని మాత్రమే లెక్కించే సమయపాలన అంకెల్లో ఆ స్టేషన్ల జనం కనబడరు.

రెండో లైను పనులు భాగాలుగా సాగుతున్నాయి. ఘాట్‌లో కొత్త సొరంగాలు తవ్వాలి, కొత్త వంతెనలు కట్టాలి. పాత లైనుకు కొత్తదాన్ని కలిపే ప్రతిచోటా కొన్ని గంటలపాటు బళ్ళను పూర్తిగా ఆపే లైన్ బ్లాకులు తీసుకోక తప్పదు. పూర్తయిన భాగాల్లో క్రాసింగ్ కోసం ఎదురుచూడవలసిన అవసరం పోయినా, ఘాట్ సింగిల్ లైనుగా ఉన్నంతకాలం బళ్ళన్నీ దాని రెండు చివరల దగ్గరా బారులు తీరవలసిందే.